చేతులు ఆగిన పుట

మధ్యాహ్నం పూట పక్కింటి ఆవిడ మెట్ల మీద కూర్చుని వేరుశనగకాయలు వలుస్తుంది. కిలోకు మించి ఉండవు, ఇంట్లో చట్నీకి. కాయను బండకు కొట్టినప్పుడు టప్పుమని ఒక చిన్న చప్పుడు, వెంటనే వేళ్ల మధ్య పొట్టు చిట్లిన చప్పుడు. కదిరిలో మా వీధి ఆటోల మోతలో అది ఎవరికీ వినపడదు. నాకు వినపడుతుంది. వినపడగానే చెబుతున్న మాట మధ్యలో ఆపేస్తాను. మా ఆవిడ ఇది చెవుడుకు మొదలేమోనని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. చెవులు బాగున్నాయని ఆయన చెప్పాక, అయితే లోపం తలలో ఉందని తేల్చేసింది. ఆమె నిర్ధారణ తప్పేమీ కాదు. నా తలలో ఉన్నది ఒక బెల్జియం ఆవిడ. ఆమె సంగతి సిగ్గుపడకుండా చెప్పుకునే వయసు నాకు ఇప్పుడే వచ్చింది.

ఆమె పేరు మార్త్. ఫ్రెంచి భాషలో పిల్లల పుస్తకాలు రాసేది. పంతొమ్మిది వందల డెబ్బైల మధ్యలో, నల్లమాడకు మూడు మైళ్ల దూరంలోని మా ఊరికి వచ్చింది. కరువు రోజుల్లో వైద్యం చేయడానికి వచ్చిన నర్సు ఒకామె ఆమెకు స్నేహితురాలు. నర్సు ఆరు నెలల్లో వెళ్లిపోయింది, చూసి పోదామని వచ్చిన ఈమె ఉండిపోయింది. ఊళ్లో క్రైస్తవుల ఇళ్లలో అప్పటికే ఇద్దరు మార్తమ్మలు ఉండేవాళ్లు. ఈమె మూడో మార్తమ్మ అయింది. సన్యాసిని అనుకుని మొదట్లో కొందరు దండాలు పెట్టారు. ఆమె బీడీ ముట్టించడం చూశాక మానేశారు.

తన దేశంలో ఆమె ఒకప్పుడు బాగా పేరున్న రచయిత్రి. కాలవల్లో సరుకుల పడవ నడిపే మనిషి, అతని కూతురు, వాళ్ల కుక్క. ఈ ముగ్గురి మీద పదేళ్ల పాటు ఏడాదికో పుస్తకం రాసింది. పిల్లలు ఆ కుక్క పేరు మీద ఉత్తరాలు రాసేవాళ్లట, ఆమె పేరు మీద కాదు. తర్వాత ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వాళ్ల తర్వాతి పిల్లలు టీవీ ముందు కూర్చున్నారు. చివరి రెండు పుస్తకాలు గోడౌన్‌లోనే ఉండిపోయాయి. ఇంకొక్క పుస్తకం వేస్తాం, అదీ బాగుంటేనే అని ప్రచురణకర్త రాశాడు. బాగుండకపోతే ఆమె తన అక్క నడిపే టోపీల అంగట్లో కూర్చోవాలి. ఈ మాట ఆమె నాకు చాలా మామూలుగా చెప్పింది. "టోపీలంటే నాకు అసహ్యం" అని మాత్రం చివర్లో కలిపింది.

నేను అప్పుడు అనంతపురంలో బి.ఏ. చదివి వచ్చి రెండేళ్లుగా ఇంట్లో ఉన్నాను. మా నాయన వాన కోసం చూస్తున్నట్టే నేను ఉద్యోగం కోసం చూస్తున్నాను. ఇద్దరికీ ఒకే రకమైన ఫలితాలు వచ్చేవి. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పే మనిషి కావాలని మార్తమ్మ అడిగిందని తెలిసి వెళ్లాను. ఆమె ఎంగటమ్మవ్వ ఇంటి పక్కన మట్టి మిద్దెలో ఉండేది.

"నీకు ఫ్రెంచి వచ్చా?" అని ఇంగ్లీషులో అడిగింది. రాదన్నాను.

"మంచిది. వస్తే నా వాక్యాలు దిద్దుతావు. కథలు రాస్తావా?"

"రాయను."

"రాయాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"లేదు" అన్నాను. ఈ రెండు జవాబుల్లో మొదటిది నిజం.

ఇంటికి వచ్చి ఉద్యోగం వచ్చిందని చెబితే మా నాయన ఆరా తీశాడు.

"ఏం పనంటరా?"

"పిల్లోళ్లకు కతలు చదివేది."

"దానికి బి.ఏ. ఏంటికి?" అన్నాడు. "సరే, ఆయమ్మకు తెలుగు రాదు. నీకు ఆయమ్మ బాస రాదు. యాడ కుదురుతుందిరా ఇది?"

"మద్దెలో ఇంగ్లీషు ఉండాది నాయనా."

"అదన్నా వచ్చునా నీకు?"

వేరుశనగ విత్తే ముందు మా వైపు ఇళ్లలో విత్తనాలు చేత్తో వలుస్తారు. ఎంగటమ్మవ్వకు పదిహేనెకరాల మెట్ట. ఆమె ఇంటి ముందు బండలు పరిచిన పెద్ద వసారాలో ఆడవాళ్లూ పిల్లలూ పది పదిహేను మంది చేరి, ముందు కాయల గంప, పక్కన చాట పెట్టుకుని వలిచేవాళ్లు. పొద్దు పోవడానికి ఎవరో ఒకరు కథ చెప్పేవాళ్లు. దానికి అవ్వ ఒక కట్టడి పెట్టింది. అందరికీ తెలిసిన కథే చెప్పాలి. కొత్త కథ కూడదు. ఎందుకో మార్తమ్మ అడగమంటే నేను అడిగాను.

"కొత్త కత బాగుంటే చేతులు నిలుస్తాయప్పా" అంది అవ్వ. "చేతులు నిలిస్తే నా ఇత్తనం యాడ అయితాది? ఆయమ్మ చెప్పాలంటే ఏదన్నా సప్పటి కత చెప్పమను."

నేను ఇంగ్లీషులో చెప్పాను. మార్తమ్మ ఆ మాటను తన నోటుపుస్తకంలో రాసుకుంది. ఇరవై ఏళ్లుగా తన కథ బాగుందో లేదో ఎవరిని అడిగినా మర్యాదకు బాగుందనే చెప్పారట. చేతులకు మర్యాద తెలియదు కదా అంది. మర్నాడే అవ్వతో ఒప్పందం కుదిరింది. రోజుకు ఒక అధ్యాయం చదవొచ్చు. కథ వల్ల చేతులు ఎంతసేపు ఆగితే, ఆ లోటు తీరేదాకా పొద్దు వాలాక మార్తమ్మ కూర్చుని వలవాలి. అవ్వ ఈ షరతు పెడుతూ ఆమె తెల్లటి వేళ్ల వైపు చూసి, "పాపం" అంది.

పద్ధతి ఇది. మార్తమ్మ ఫ్రెంచిలో రాసి, దాన్నే ఇంగ్లీషులో టైపు చేసి నాకిచ్చేది. నేను చూసి తెలుగులో చెప్పేవాణ్ని. ఆమె ఫ్రెంచి కాగితం ఒళ్లో పెట్టుకుని, నేను పుట తిప్పినప్పుడల్లా తానూ తిప్పుతూ, పిల్లల మొహాలు చూడకుండా కళ్లు దించుకుని చప్పుడు వినేది. చప్పుడు ఆగిన చోట పెన్సిలుతో గుండ్రం చుట్టేది. చప్పుడు జోరందుకున్న చోట అడ్డగీత కొట్టేది. కథ మా ప్రాంతంలో ఒక పిల్లది. పేరు గౌరి. ఊళ్లో బావులు ఎండిపోతే రెండు మైళ్లు నడిచి నీళ్లు తెస్తుంది. అంతే కథ. మా పిల్లలకు అది కథలా అనిపించలేదు, పొద్దున తాము చేసిన పనిలా అనిపించింది. మొదటి రోజు చేతులు నిలవడం మాట అటుంచి, అంతకు ముందెన్నడూ లేనంత వేగంగా ఆడాయి. అవ్వ సంతోషించింది. మార్తమ్మ కాగితం నిండా అడ్డగీతలే.

రెండో రోజు ఆమె మొహం చూడలేకపోయాను. కథలో కరువు చూడడానికి ఒక ఆఫీసరు జీపులో వచ్చి పోతాడు. ఆమె రాసింది ఒక్క వాక్యం. నేను దాన్ని కాస్త పొడిగించాను. జీపు ఎండిన ఏట్లో ఇసుకలో దిగబడింది, ఆఫీసరు దిగి తోసి తోసి దుమ్ము కొట్టుకుపోయాడు, ఊళ్లో నీళ్లు లేవని రాసుకోవడానికి వచ్చిన మనిషి ఆ కాగితం మీద సంతకం పెట్టి, స్నానానికి రెండు కడవలు అడిగాడు అన్నాను. వసారా అంతా నవ్వు. పదకొండేళ్ల రామలక్ష్మి చేతిలో కాయ పట్టుకుని, "పోసిరా అన్నా?" అంది. "కాగితంలో లేవని రాసుకుండావు కదా సామీ, ఇంగ యాడ తెచ్చేది అనిరి" అన్నాను. మళ్లీ నవ్వు. ఒక్క చెయ్యీ ఆడలేదు. మార్తమ్మ గుండ్రం చుట్టింది. ఆ గుండ్రం చుట్టేటప్పుడు ఆమె నవ్వు దాచుకోవడానికి పెదవులు బిగబట్టడం చూశాను. నేను చేసింది పుణ్యమనే అనుకున్నాను.

"తెలుగులో ఇంత పొడుగా?" అని తర్వాత అడిగింది.

"మా భాషలో మాటలు పొడుగు మేడం" అన్నాను. ఆమె నమ్మింది. నేను కూడా సగం నమ్మాను.

తర్వాత అలవాటైపోయింది. మేక పూజారి పంచె నమలడం, లారీ డ్రైవరు దగ్గు, ఒకడు బోరు పైపులోకి తొంగిచూసి లోపలున్నవాణ్ని పలకరించడం, ఇవన్నీ ఆమె పుస్తకంలో లేవు. నేను చదివేటప్పుడు ఉండేవి. సప్పగా ఉన్నాయనిపించిన చోట్ల ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు పోయేవాణ్ని. పొద్దు వాలాక మార్తమ్మ ఒక్కతే వసారాలో కూర్చుని లోటు తీర్చేది. బొటనవేళ్లు బొబ్బలెక్కాయి. గుడ్డ పీలికలు చుట్టుకుని వలిచేది, అంత సంతోషంగా బొబ్బలు చూసుకున్న మనిషిని నేను ఎరుగను. నేను పక్కన కూర్చునేవాణ్ని. సాయం చేయబోతే వద్దనేది. ఇది నా సంపాదన అనేది.

మే నెలాఖరుకు, అడ్డగీతలు పడ్డ పుటలు తీసేసి, గుండ్రాలున్న పుటలు ఉంచి పుస్తకం పంపింది. జూన్ చివర్లో జవాబు వచ్చింది. ప్రచురణకర్త పెద్దాయన, మర్యాదస్థుడు. ఉత్తరాన్ని ఆమె నాకు ఇంగ్లీషులో చదివి వినిపించింది. జీపు వచ్చిపోయే చోట, మేక చోట, లారీ చోట ఏమీ లేదు, పొడి వాక్యాలు, ఇవి ఎందుకు ఉంచారో అర్థం కాలేదు, అవి తీసి మళ్లీ రాస్తే చూస్తాను, ఇలాగే వేయమంటే మాత్రం వేయలేను, అని సారాంశం. ఆయన వేలు పెట్టి చూపినవన్నీ గుండ్రాలున్న పుటలే.

మార్తమ్మ ఏడవలేదు. కోపం తెచ్చుకుంది. "ఆయన చేతులు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి, ఆయనకేం తెలుసు?" అంది. "ఇక్కడ పని మానుకుని విన్నారు. ఆ పుటలు తీసేస్తే వాళ్లను అవమానించినట్టు." అక్కడే కూర్చుని జవాబు రాసింది. ఒక్క పుట తీయను, వేయకపోతే మానండి. కవరు అంటించి నల్లమాడలో పోస్టు చేయమని నాకిచ్చింది. ఇస్తూ, "మా అక్క సంతోషిస్తుంది" అంది.

సైకిలు మీద వెళ్లాను. స్టాంపులు కొని అంటించాను. కవరు పెట్టెలో వేయడానికి చెయ్యి రాలేదు. పోస్టుమాస్టరు కిటికీలోంచి చూసి చూసి విసుక్కున్నాడు.

"ఏమప్పా, అరగంట నుంచి ఈడ నిలబడుకోని ఏం చేస్తాండావు?"

"అడ్రసు సరిచూస్తాండా సార్."

"బెల్జియం యాడికన్నా పోయిందేమోననా?"

నేను సైకిలు వెనక్కి తిప్పాను. దారిలో రకరకాలుగా వాక్యాలు కూర్చుకున్నాను, నా తప్పు చిన్నదిగా కనపడేలా. ఇంట్లోకి పోయి కవరు ఆమె ముందు పెట్టేసరికి అవన్నీ ఎగిరిపోయాయి. "ఆ జీపులో ఆఫీసరు స్నానానికి నీళ్లు అడగడం మీ పుస్తకంలో లేదు మేడం. నేను కలిపాను. పిల్లలు నవ్వింది దానికి" అన్నాను.

ఆమె మొదట అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక లేచి ఫ్రెంచి కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టి, పెన్సిలు చేతికిచ్చింది.

"చూపించు."

ఒక్కో గుండ్రం దగ్గర ఏముందో ఆమె ఇంగ్లీషులో చెప్పింది, అది నాదో ఆమెదో నేను చెప్పాను. చాలాసేపు పట్టింది.

"పంతొమ్మిది గుండ్రాలు" అంది. "నీవి పద్నాలుగు. నావి ఐదు."

"నాలుగు మేడం. ఒకసారి తేలు వచ్చింది."

నేను హాస్యానికి అనలేదు, లెక్క సరిగా ఉండాలని అన్నాను. ఆమె నవ్వలేదు. తన రెండు బొటనవేళ్లనూ చూసుకుంది. బొబ్బలు మానిన చోట చర్మం ఇంకా ఎర్రగానే ఉంది.

"నాకు సాయం చేస్తున్నాననుకున్నావా?" అని అడిగింది.

"అవును మేడం."

"కాదు. నా కథ అద్దెకు తీసుకుని నీ మాటలు వినిపించావు. రాయాలని ఉంటే రాయి. కాగితాలు నేనిస్తాను. నేను రాసిన కాగితాల మీద మాత్రం వద్దు."

పని పోయిందనుకుని గుమ్మం దాకా వెళ్లాను. వెనక నుంచి, "మళ్లీ వలిచేది ఎప్పుడో కనుక్కో. మొదటి పుట నుంచి చదువుదాం. ఈసారి నీ దగ్గు కూడా కలపకూడదు" అంది.

వలిచేది ఎప్పుడో దేవుడికే తెలియాలి. ఆ ఏడు వాన జాడ లేదు. వలిచిన విత్తనం ఎక్కువ రోజులు నిలవదు కనుక అవ్వ మిగిలిన కాయలు వలిపించకుండా మబ్బు కోసం చూస్తోంది. మార్తమ్మ కూడా మా అందరితో పాటు ఆకాశం చూడడం మొదలుపెట్టింది. చేనంటూ లేకుండానే ఆమె వాన కోసం ఎదురుచూసింది. జూలైలో ఒక పొద్దున పడమట మబ్బు కమ్మింది. ఊరు ఊరంతా ఒక్కసారి గంపల ముందు కూర్చుంది. ఇప్పుడు కథలేమిటని అవ్వ నా మీద అరిచింది.

"ఇత్తే పదును పోతే మళ్లీ దొరుకుతాదా? గమ్మున పోప్పా!"

"అవ్వా, ఈ తూరి చేతులు నిలవవు. నేను మాట ఇస్తాండా."

"నిలిస్తే?"

"నిలిచినంతసేపటికీ నేను ఒలుస్తా."

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసి ఒప్పుకుంది. నా మాట మీద నమ్మకంతో కాదు, ఇంకో రెండు చేతులు వస్తాయేమోనని.

చదివాను. కాగితంలో ఉన్నది ఉన్నట్టు. వసారాలో కాయల చప్పుడు వడగళ్ల వానలా ఉంది. జీపు వచ్చింది, పోయింది.

"అన్నా, స్నానం మర్చిపోతివి" అంది రామలక్ష్మి, చెయ్యి ఆపకుండానే.

"అది కతలో లేదు మే."

"పోయిన తూరి ఉండె కదా?"

"అప్పుడుండె."

"యాడికి పాయె మరి?"

నేను తర్వాతి వాక్యం చదివాను. మార్తమ్మ తల ఎత్తలేదు, అడ్డగీత కొట్టింది. రెండు రోజులు అలాగే గడిచాయి. పిల్లలకు నా మీద జాలి వేయడం మొదలైంది. ఒకాయమ్మ, "పిల్లోడికి జరమొచ్చినట్లుండాది, కత సప్పగా చెప్తాండాడు" అని నా ముందే అంది. మార్తమ్మ తాను మేలో కొట్టేసిన పుటలను కూడా వదలకుండా చదివించింది. ఒక్కో అడ్డగీతకూ నా కళ్ల ముందు టోపీల అంగడి తెరుచుకునేది.

మూడో రోజు ఒక పుట వచ్చింది. మేలో దీన్ని నేను "గౌరి నీళ్లు తెచ్చింది" అని ఒక్క మాటలో దాటేశాను. కలిపినవన్నీ ఒప్పుకున్నాను కానీ, వదిలేసినవి తప్పని నాకు తట్టనే లేదు. పుటలో ఉన్నది ఇది. గౌరి బోరు దగ్గర పొద్దంతా నిలబడి కడవ నింపుకుని వస్తుంది. దారిలో ఒక ఇంటి ముందు కట్టేసిన దూడ నాలుక బయట పెట్టి చూస్తుంది. గౌరి కడవ వంచుతుంది. దూడ సగం తాగుతుంది. గౌరి ఇంటికి వచ్చి సగం కడవ దించుతుంది. తల్లి కడవలోకి చూస్తుంది, పిల్ల పాదాల మీద తడి మట్టి చూస్తుంది. ఏమీ అడగదు. చెంబు ముంచి మొదటి చెంబు గౌరి చేతికిస్తుంది.

చదవడం అయిపోయింది. తర్వాతి పుట తిప్పబోతుంటే ఏదో తేడాగా అనిపించింది. చప్పుడు లేదు.

రామలక్ష్మి గంప వైపే చూస్తోంది. "కొట్టలేదా వాళ్లమ్మ?" అంది.

"లేదు."

"అడగను కూడా లేదా?"

"లేదు మే. అంతే ఉండాది."

ఆ పిల్ల రెండు గంపల అవతల కూర్చున్న వాళ్లమ్మ వైపు చూసింది. మబ్బు నెత్తిమీద ఉంది, విత్తనం సగం కూడా కాలేదు, అవ్వ ఇప్పుడు అరుస్తుందని భయపడి చూశాను. అవ్వ చేతిలో ఒక కాయ ఉంది, బండకు ఇంకా తగల్లేదు. కాసేపటికి తనే తెప్పరిల్లి, "నిలిపితివేం అప్పా, చదువు" అంది.

నేను మార్తమ్మ వైపు చూశాను. ఆమె గుండ్రం చుట్టలేదు. పెన్సిలు బండ మీద పెట్టేసి ఉంది.

ఆ సాయంత్రం మాట ప్రకారం నేను వలిచాను. నా బొటనవేళ్లు ఎంత సుకుమారమైనవో నాకు అప్పుడే తెలిసింది. మార్తమ్మ పక్కన కూర్చుంది, ఒక్క కాయ ముట్టలేదు. "ఇది నీ సంపాదన" అంది. మర్నాడు వాన పడింది, విత్తారు. ఆమె తలుపు వేసుకుని ఆ పుట ఒక్కటీ ఉంచుకుని పుస్తకం మళ్లీ మొదటి నుంచి రాసింది. సెప్టెంబరులో పంపింది. మొదటి దానిలో సగం కూడా లేదు. పెద్దాయన ఈసారి నాలుగు మాటల జవాబు రాశాడు, వేస్తున్నాను అని అందులో ఉంది.

అది గొప్పగా అమ్ముడుపోయిందని చెప్పను. అక్కడ కొన్ని బళ్లలో పిల్లల చేత చదివించారని విన్నాను. పిల్లలు ఈసారి గౌరికి ఉత్తరాలు రాశారట, కొందరు దూడకు. ఆమె తన దేశానికి తిరిగి వెళ్లినా, ఎనభైల మధ్యలో మోకాళ్లు మొరాయించే దాకా మార్తమ్మ దాదాపు ప్రతి ఏడూ వచ్చి, ఇంకో మూడు పుస్తకాలు అవ్వ వసారాలోనే రాసింది. అన్నీ నేనే చదివాను. టోపీల అంగడిలో ఆమె ఒక్క రోజు కూడా కూర్చోలేదు. కొన్నేళ్ల తర్వాత వాళ్లక్క నుంచి ఒక ఉత్తరం వచ్చింది, మార్త్ పోయిందని, నీ పేరు అప్పుడప్పుడూ చెప్పేదని. ఏమని చెప్పేదో రాయలేదు. నేను అడగలేదు.

నాకు తర్వాత కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు పని దొరికింది. రిటైరయ్యాక కూడా ఒక ట్యుటోరియల్‌లో చెబుతున్నాను. ఆమె ఇచ్చిన కాగితాల మీద నేను కథలు రాయలేదు, రాయగలననే అనుమానం మాత్రం ఇంకా తీరలేదు. పాఠం నడుస్తుంటే వెనక బెంచీల్లో గుసగుసలు మొదలవుతాయి. ఒక మంచి జోకు నోటిదాకా వస్తుంది. నా జోకులు బాగుంటాయి, చిక్కంతా అక్కడే ఉంది. మింగేసి, పుస్తకంలోని వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఇంకోసారి, కాస్త నెమ్మదిగా చదువుతాను. చాలాసార్లు ఏమీ జరగదు. గంట కొడతారు, పిల్లలు లేచిపోతారు. ఎప్పుడైనా ఒకసారి, ఏడాదికో రెండేళ్లకో, ఏ ఒక్కరో బ్యాగు భుజాన వేసుకోబోయి ఆగి, "సార్, ఆ వాక్యం మళ్లీ చదవండి" అంటారు. అది రాసిన మనిషి ఎవరో, ఎప్పుడు పోయాడో, చదువుతున్నది నేనని కూడా ఆ క్షణంలో వాళ్లకు గుర్తుండదు. నేను చదువుతాను.